నాన్నగారు సన్యాసం తీసుకుంటానంటున్నారు. జపం, సన్యాసం గురించి తెలిసినవారు చెప్పండి

కృష్ణాతీరం (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా నాన్నగారికి 67 ఏళ్ళు. తెనాలిలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. అమ్మ పోయి పది నెలలైంది. నేను ఒక్కతే కూతురిని, విజయవాడలో ఉంటాను. ముప్ఫై ఏళ్ళ కిందట గురువుగారు నాన్నగారికి అష్టాక్షరి (ఓం నమో నారాయణాయ) ఉపదేశించారు. అప్పటినుంచి జపం తప్పింది లేదు. జ్వరం వచ్చినా గోడకు ఆనుకొని కూర్చొని చేసేవారు. ఇప్పుడు రోజుకు పన్నెండు మాలలు.

పోయిన ఆదివారం నేను వడ్డిస్తుంటే, మజ్జిగ పొయ్యమన్నంత మామూలుగా, "ఇక్కడ ఒక్క పని మిగిలిందమ్మా. అది కాగానే సన్యాసం తీసుకుందామనుకుంటున్నాను" అన్నారు. గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఆయన తల వంచుకొని భోజనం ముగించారు, విస్తరి మడిచారు, లేచి వెళ్ళారు. మిగిలిన పని అంటే అమ్మ సంవత్సరీకాలనే అనుకున్నాను.

ఇది దుఃఖమా, వైరాగ్యమా? ఇన్నేళ్ళ జపం మనిషిని చివరికి ఇల్లు విడిచిపెట్టే చోటికే తీసుకువెళుతుందా? సన్యాసం తీసుకున్నాక ఆయన నాకు నాన్న అవుతారా, కారా? తెలిసినవారు దాపరికం లేకుండా చెప్పండి.

తులసికోట (సోమవారం, రాత్రి 10:05)

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

పెద్దలు వైరాగ్యాలు మూడన్నారు. పురాణం వింటున్నంతసేపు ఉండేది పురాణ వైరాగ్యం, పురిటి నొప్పులప్పుడు కలిగేది ప్రసూతి వైరాగ్యం, కాటి దగ్గర పుట్టేది శ్మశాన వైరాగ్యం. మూడూ నిజమైనవే. నిలవవు, అంతే. ఇది నా అనుభవం కూడా. మా ఆయన పోయినప్పుడు నాకు 52 ఏళ్ళు. కాశీ వెళ్ళిపోతాను, అక్కడే పోతాను అని పిల్లలతో గొడవపడ్డాను. రోజంతా పంచాక్షరి (నమః శివాయ) చేసేదాన్ని. చాలా కాలానికి ఒక సంగతి గమనించాను. మాల తిరుగుతున్నంతసేపు బాగానే ఉండేది. మాల చివరి మేరుపూస వేలికి తగిలి, మాల వెనక్కి తిప్పుకునే ఆ ఒక్క క్షణంలో ఏడుపు తన్నుకొచ్చేది. అంటే నేను ఏడుపుకు అడ్డంగా మంత్రాన్ని పెట్టుకున్నాను. అది తప్పని అనను, ఆ మంత్రమే నన్ను బతికించింది. కానీ అది వైరాగ్యం కాదు.

మీరు సన్యాసం మాట ఎత్తకండి. జపం ఎలా సాగుతోందని అడగండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

శ్రౌతి (మంగళవారం, ఉదయం 6:30)

రాజమహేంద్రవరంలో పౌరోహిత్యం చేసుకునేవాణ్ణి. మూడు సన్యాస స్వీకారాల్లో సహాయకుడిగా కూర్చున్నాను. విషయం తెలిస్తే భయం తగ్గుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఎనిమిది శ్రాద్ధాలు చేస్తారు. దేవతలకు, ఋషులకు, దివ్యులకు, మనుష్యులకు, భూతాలకు, పితరులకు, మాతృవర్గానికి. ఎనిమిదవది తనకే. బతికుండగానే తన పిండం తాను పెట్టుకోవడం. దాన్ని చూడటం తేలిక కాదు. నేను చూసిన ముగ్గురిలో ఒకాయన చేతులు ఆ ఒక్క పిండం దగ్గరే వణికాయి.

తరువాత విరజా హోమం, పాపాలు తొలగి శుద్ధి కావాలని చేసేది. ఆపైన సావిత్రీ ప్రవేశం, ఇది మీ ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. ఉపనయనం నాటినుంచి చేసిన గాయత్రిని పాదం పాదంగా ప్రణవంలో, అంటే ఓంకారంలో, లీనం చేస్తారు. ఇక ఆయన గాయత్రి చేయరు. ఇల్లు, పేరు, శిఖ, యజ్ఞోపవీతంతోపాటు మంత్రాన్ని కూడా వదిలిపెడతారు. అటుపైన నీళ్ళలో నిలబడి "సన్యస్తం మయా" (నేను సన్యసించాను) అని ప్రైషమంత్రం మూడుసార్లు చెప్పి, సమస్త భూతాలకూ తనవల్ల భయం లేదని అభయమిస్తారు. ఒడ్డుకు వచ్చి ఉత్తర దిక్కుగా నడిచిపోతుంటే గురువు ఆగమని పిలిచి కౌపీనం, కాషాయం, దండం ఇస్తారు. ఇది అద్వైత సంప్రదాయం మాట. శ్రీవైష్ణవుల్లో శిఖ, యజ్ఞోపవీతం ఉంటాయి, మూడు కర్రలు కలిపి కట్టిన త్రిదండం ధరిస్తారు.

సన్యాసికి అగ్ని లేదు, అందుకే వండుకోరు, భిక్షే. దేహం వదిలాక దహనం లేదు, సమాధి చేస్తారు. పన్నెండవ రోజు నారాయణబలి. ఏటా జరిగేది తద్దినం కాదు, ఆరాధన.

ఇంకో మాట. కొడుకులు లేరన్నారు కాబట్టి మీ అమ్మగారి మాసికాలు నాన్నగారే పెడుతుండాలి. సన్యాసి శ్రాద్ధం పెట్టరు. మీకు అబ్బాయి ఉంటే దౌహిత్రుడిగా, అంటే కూతురి కొడుకుగా, అతను పెట్టవచ్చు. ఈ సంగతి ముందే తేల్చుకోండి.

నీలకంఠ63 (మంగళవారం, మధ్యాహ్నం 1:48)

నేను వెళ్ళి తిరిగి వచ్చినవాణ్ణి. ఇది ఎక్కడా రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

31వ ఏట బ్యాంకు ఉద్యోగం వదిలి ఉత్తరాదిన ఒక ఆశ్రమంలో బ్రహ్మచారిగా చేరాను. జపం నాకు బాగా పట్టుబడింది. పైకి పలికే వాచికం నుంచి ఉపాంశువుకు, పెదవులు కదిలీ కదలకుండా, అక్కడినుంచి మానసికానికి వచ్చాను. మనుస్మృతి మామూలు యజ్ఞం కంటే జపయజ్ఞం పదింతలు, ఉపాంశువు నూరింతలు, మానసికం వేయింతలు అంటుంది. నేను ఆ పదింతలూ నూరింతలూ లెక్కపెట్టుకునే మనిషిని. బ్యాంకు వదిలానే గాని బ్యాంకు నన్ను వదలలేదు. ఒక నోటుపుస్తకంలో రోజువారీ జపసంఖ్య, నెల మొత్తం, సంవత్సరం మొత్తం రాసుకునేవాణ్ణి. పక్క గదిలో ఉన్న వృద్ధ స్వామి ఒకరోజు ఆ పుస్తకం చూసి, ఏమీ అనకుండా, చివరి పేజీలో నా అంకెల కింద గీత గీసి మూసి ఇచ్చారు. మొత్తం తీసేటప్పుడు గీస్తామే, ఆ గీత. మూడో ఏడు అమ్మకు పక్షవాతం వచ్చింది. వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

పదేళ్ళపాటు ఓడిపోయాననే బాధ ఉండేది. అమ్మకు అన్నం తినిపిస్తూ జపం చేస్తుంటే, ఆ జపంలో సంఖ్య లేదని ఒకనాడు గుర్తించాను. వడిగా మింగలేదు కదా ఆవిడ. ఒక్కో ముద్దకు ఎన్ని నామాలో అన్ని.

జాబాలోపనిషత్తు "యదహరేవ విరజేత్ తదహరేవ ప్రవ్రజేత్" అంటుంది. ఏ రోజు విరక్తి కలిగితే ఆ రోజే బయలుదేరమని. మనువు మాత్రం దేవ, ఋషి, పితృ ఋణాలు మూడూ తీర్చుకున్నాకే మనస్సును మోక్షం మీద పెట్టమంటాడు. నేను ఉపనిషత్తు మాట పట్టుకొని వెళ్ళాను, మనువు మాట నన్ను వెనక్కి తెచ్చింది. మీ నాన్నగారి పరిస్థితి వేరు. ఉద్యోగం చేశారు, కూతురిని పెంచి పెళ్ళి చేశారు, భార్యను సాగనంపారు. నాకున్న బాకీలు ఆయనకు లేవు.

తులసికోట (మంగళవారం, మధ్యాహ్నం 2:20)

నీలకంఠగారూ, బాకీలు లేవని మనమెలా చెప్పగలం? కూతురు బాకీ కాదా? ఆ అమ్మాయికి తల్లి పోయి ఏడాది కూడా కాలేదు.

నీలకంఠ63 (మంగళవారం, మధ్యాహ్నం 2:41)

నిజమే అక్కగారూ. ఆ మాట తొందరపడి రాశాను.

ఓరుగల్లు వకీలు (మంగళవారం, సాయంత్రం 5:15)

చట్టం సంగతి క్లుప్తంగా. సంపూర్ణ సన్యాసం హిందూ ధర్మశాస్త్రం ప్రకారం పౌరమరణం. పూర్వాశ్రమ కుటుంబంతో ఆస్తి సంబంధం తెగిపోతుంది, ఆస్తి వారసులకు వెళుతుంది. అయితే కాషాయం కట్టినంత మాత్రాన కోర్టులు ఒప్పుకోవు. విధి ప్రకారం సన్యాసం స్వీకరించి, లోకసంబంధాలు నిజంగా వదిలినట్టు రుజువుండాలి. 1955 హిందూ వివాహ చట్టంలో భర్తగానీ భార్యగానీ లోకాన్ని త్యజించి మతసంస్థలో చేరడం విడాకులకు ఒక కారణం. సన్యాసం ద్విజులకే (మొదటి మూడు వర్ణాలకే) అనే పాత వాదం మీద 1980లో మథురా అహీర్ కేసులో సుప్రీంకోర్టు, ఆచారం ఉన్నచోట శూద్రుడు కూడా యతి (సన్యాసి) కావచ్చని తేల్చింది.

మీ నాన్నగారికి ఇల్లు, బ్యాంకు ఖాతాలు ఉంటే వీలునామాగానీ దానపత్రంగానీ ముందే రిజిస్టరు చేయించమనండి. అడగడానికి మొహమాటపడకండి. వదలదలచుకున్నవారికి అది భారం దింపుకోవడమే.

అరుణగిరి (మంగళవారం, రాత్రి 8:55)

ఏడాదిలో ఆరు నెలలు తిరువణ్ణామలైలో, అంటే అరుణాచలంలో, ఉంటాను. జపం ఎక్కడికి తీసుకువెళుతుందని అడిగారు కాబట్టి, మన తెలుగువారు ఒకరు ఇదే ప్రశ్నతో అక్కడి కొండెక్కిన సంగతి చెబుతాను.

కావ్యకంఠ గణపతి ముని 1878లో బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టారు. చిన్ననాటినుంచి మంత్రజపమే ఊపిరిగా తిరగని క్షేత్రం లేదు. గృహస్థు, భార్యాబిడ్డలున్నవారు. 1907 నవంబరు 18న మిట్టమధ్యాహ్నం విరూపాక్ష గుహకు వెళ్ళి, అక్కడున్న యువకుడి పాదాల మీద పడ్డారు. చదవవలసిందంతా చదివాను, మంత్రాలు జపించాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదు, చెప్పమన్నారు. ఆ యువకుడు చాలాసేపు చూస్తూ ఉండిపోయి, తరువాత చెప్పినదాని సారాంశం ఇది: నేను అనే తలపు ఎక్కడినుంచి పుడుతోందో గమనిస్తే మనస్సు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపించేటప్పుడు ఆ ధ్వని ఎక్కడినుంచి వస్తోందో గమనిస్తే మనస్సు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు. ఆయనకు భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టింది గణపతి మునే.

నేను మళ్ళీ మళ్ళీ తలచుకునేది ఆ తరువాతి సంగతి. గణపతి ముని మంత్రాన్ని వదలలేదు, సంసారాన్నీ వదలలేదు. చివరివరకూ మంత్రోపాసకుడే. ఇక రమణులు పదహారేళ్ళ వయసులో ఇల్లు విడిచి 1896 సెప్టెంబరు 1న అరుణాచలం చేరారు. తల గొరిగించుకున్నారు, జంధ్యం తీసేశారు, అంతే. ఏ గురువు దగ్గరా సన్యాస దీక్ష తీసుకోలేదు. ఇల్లు వదిలిన ఆ కొడుకు దగ్గరికి తల్లి అళగమ్మ 1916లో వచ్చి ఉండిపోయారు. 1922లో ఆవిడ దేహం వదిలితే కొండ కింద సమాధి చేశారు. ఇవాళ మనం చూసే రమణాశ్రమం ఆ సమాధి చుట్టూ పెరిగిందే. ఇల్లు వదిలి నేను సన్యాసినవుతానని ఎవరైనా వస్తే, గృహస్థునన్న తలపు పోయి సన్యాసినన్న తలపు పట్టుకుంటుంది, అంతే కదా అనేవారట.

కృష్ణాతీరంగారూ, మీ నాన్నగారిని ఒకసారి గిరిప్రదక్షిణకు తీసుకురండి. పద్నాలుగు కిలోమీటర్లు. నడుస్తుంటే మాట్లాడుకోవడం తేలికవుతుంది.

శ్రౌతి (మంగళవారం, రాత్రి 9:30)

అరుణగిరిగారూ, మహర్షులు ఎంత గొప్పవారైనా అందరికీ కొలత కాదు. పదహారేళ్ళకే పండినవారు కోటికొక్కరు. మిగిలినవారికి క్రమం కావాలి. ఆశ్రమధర్మం తేలిక చేసి మాట్లాడితే నాకు బాధ కలుగుతుంది. ఆ ఎనిమిదవ పిండం ఊరికే పెట్టలేదు పెద్దలు.

అరుణగిరి (మంగళవారం, రాత్రి 9:52)

తేలిక చేయలేదు స్వామీ. దండం పట్టినవారికి నమస్కరించకుండా నేను ముందుకు అడుగు వేయను. వెళ్ళడమే సన్యాసమని ఆ అమ్మాయి హడలిపోకూడదని రాశాను.

సాగరం అవతల (బుధవారం, ఉదయం 7:04)

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు 2011లో ఋషికేశ్‌లో సన్యాసం తీసుకున్నారు. అమ్మ అప్పటికే లేదు.

"ఆయన నాకు నాన్న అవుతారా, కారా" అన్న మీ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏడాది తరువాత నానమ్మను తీసుకొని వెళ్ళాను. ఆయన బయట అరుగు మీద కూర్చొని ఉన్నారు. గుండు, కాషాయం, బాగా చిక్కిపోయారు. నోటికి "నాన్నా" అని వచ్చేసింది. పక్కనున్న సాధువు మెల్లగా "స్వామీజీ అనండి" అన్నారు. సాష్టాంగపడ్డాను. "నారాయణ, నారాయణ" అన్నారు. నా పేరు పలకలేదు. లేచేటప్పుడు ఆయన కుడి పాదం మీద చూపు పడింది. నన్ను బడికి తీసుకువెళ్ళే పాత స్కూటరు కిక్ రాడ్డు ఎదురుతన్ని కోసుకుపోయిన మచ్చ అలాగే ఉంది. దాన్ని చూసి ఏడ్చాను, ఆయన్ని చూసి కాదు.

అప్పుడు నానమ్మ వెనకనుంచి కర్ర పట్టుకొని వచ్చింది. 88 ఏళ్ళు. ఆయన అరుగు దిగి ఆమె పాదాలకు నమస్కరించారు. సన్యాసి ఇంటివాళ్ళలో తల్లికి తప్ప ఇంకెవరికీ మొక్కనక్కరలేదట. శంకరులు కూడా తల్లికిచ్చిన మాట కోసం కాలడి తిరిగి వెళ్ళి సంస్కారం చేశారంటారు కదా. నానమ్మ ఆయన గుండు మీద చేయి పెట్టి, "తలకి నూనె రాస్తున్నావా" అంది.

తరువాత కైలాస మానససరోవర యాత్ర కోసం ఆయన కొత్త పాస్‌పోర్టు తీసుకున్నారు. 2016 డిసెంబరులో వచ్చిన నిబంధన ప్రకారం సాధువులు తల్లిదండ్రుల పేర్ల స్థానంలో గురువు పేరు రాసుకోవచ్చు. ఆ నకలు నాకు పంపారు. తాతయ్య పేరు ఉండే చోట గురువుగారి పేరు. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మీకు ధైర్యం చెప్పాలని మొదలుపెట్టాను గాని, నొప్పి ఉండదని చెప్పలేను. కోపం మాత్రం ఎప్పుడో పోయింది. ఏడాదికోసారి వెళతాను. పక్కన కూర్చొని ఇద్దరం జపం చేసుకుంటాం.

శ్రౌతి (బుధవారం, ఉదయం 8:10)

నాయనా, మీ నానమ్మగారికి నా నమస్కారాలు.

విజయనగర రాజుల గురువు విద్యారణ్యుల గురించి ఒక కథ ఉంది. పూర్వాశ్రమంలో దారిద్ర్యం తీరాలని గాయత్రీ పురశ్చరణలు వరసగా చేశారట. పురశ్చరణ అంటే అక్షరానికి లక్ష చొప్పున జపం, అందులో పదోవంతు హోమం, దానిలో పదోవంతు తర్పణం, అలా మార్జనం, అన్నదానం. గాయత్రికైతే 24 లక్షలు. ఎన్ని చేసినా అమ్మవారు పలకలేదు. విసిగి సన్యాసం తీసుకున్నారు. అప్పుడు ప్రత్యక్షమై వరం కోరుకోమంది. ఇప్పుడు నాకేం కావాలి తల్లీ, అన్నారాయన. తనకు అక్కరలేని ఆ సంపదనే లోకానికి అడిగితే విజయనగరంలో బంగారం కురిసిందని చెబుతారు. నా చిన్నప్పుడు మా తాతగారు ఈ కథ చెప్పి, ఆ జపమంతా ఎక్కడికి పోయిందిరా అని అడిగేవారు. ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇప్పటికీ ఎవరైనా సన్యాసం మాటెత్తితే ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

కృష్ణాతీరం (ఆదివారం, రాత్రి 11:20)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ప్రతి మాటా చదివాను. నిన్న, ఇవాళ తెనాలిలోనే ఉన్నాను.

తులసికోట అమ్మగారు చెప్పినట్టు, సన్యాసం ఊసు ఎత్తకుండా "జపం ఎలా సాగుతోంది నాన్నా" అని అడిగాను. "పొద్దున అష్టాక్షరి, మధ్యాహ్నం రామనామం" అన్నారు. ఆయన రామనామం ఎప్పుడూ చేయలేదు. అది అమ్మది. ఇరవై ఆరేళ్ళు రామకోటి (కోటిసార్లు శ్రీరామ నామం) రాసింది. నేను ఆశ్చర్యపోతే, లేచి బీరువా తెరిచి గళ్ళ పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

సగం వరకు అమ్మ రాతే. ఆకుపచ్చ సిరా. అమ్మ శ్రీ కుడివైపు వాలిపోతుంది, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి రాసేది కదా, ఆ తొందర. ఒక పేజీ అంచున పసుపు వేలిముద్ర ఉంది. మరునాడు ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఆ పేజీలో మూడో వరస తరువాత నాన్నగారి రాత మొదలైంది. అదే ఆకుపచ్చ సిరా. నల్లబల్ల మీద రాసినట్టు నిటారుగా, గుండ్రంగా. ఆ తరువాత పుస్తకాలు పుస్తకాలు.

"అమ్మ 91 లక్షలు రాసింది. రోజూ వెయ్యి చొప్పున నేను మూడు లక్షలు రాశాను. ఇంకా ఆరు లక్షలుంది" అన్నారు. మిగిలిన పని ఇదన్నమాట. సంవత్సరీకాలు కాదు. కోటి పూర్తిచేసి భద్రాచలంలో సమర్పించి, అటునుంచి అటే వెళ్ళాలని ఆయన ఆలోచన. గురువుగారితో మాట్లాడారట కూడా. సగంలో వదిలేసి వెళితే మీ అమ్మ ఊరుకుంటుందా, అన్నారు.

నేనూ రాస్తానన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. గదిలోకి వచ్చాక లెక్క తట్టింది. ఆయన ఒక్కరే రాస్తే ఆరు వందల రోజులు. నేనూ వెయ్యి చొప్పున రాస్తే మూడు వందలు. నేను రాసే ప్రతి పేరూ ఆయన్ని ఒక్కో అడుగు గుమ్మం దగ్గరికి తీసుకువెళుతుంది. రాస్తానని మాట ఇచ్చేశాను. ఏం చేయమంటారు?

నీలకంఠ63 (ఆదివారం, రాత్రి 11:47)

ఆలస్యం చేయాలని తక్కువ రాయకండి. అలా రాస్తే ఆ గళ్ళలో రామనామం ఉండదు, లెక్కే ఉంటుంది. అది నాకు బాగా తెలుసు.

తులసికోట (సోమవారం, ఉదయం 5:40)

రాయమ్మా. ఆయన పక్కనే కూర్చొని రాయి. మూడు వందల రోజులు నాన్నతో ఒకే బల్ల దగ్గర కూర్చొనే కూతుళ్ళు ఎంతమంది ఉంటారు?

అతనిది శ్మశాన వైరాగ్యమేమోనని మొదటిరోజు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

శ్రౌతి (సోమవారం, ఉదయం 6:15)

లిఖిత జపానికి స్నానం చేసి, తూర్పుగానో ఉత్తరంగానో కూర్చోండి. పూర్తయిన పుస్తకాలు పసుపు గుడ్డలో కట్టి ఉంచండి, నేల మీద పెట్టవద్దు. భద్రాచలం వెళ్ళే రోజు చెబితే నేను రాజమహేంద్రవరం నుంచి వచ్చి కలుస్తాను.

కృష్ణాతీరం (మంగళవారం, రాత్రి 10:02)

వారానికి నాలుగు రోజులు తెనాలి నుంచే ఉద్యోగానికి వెళ్ళి వచ్చేలా మాట్లాడుకున్నాను. నిన్న రాత్రి మొదటి పేజీ రాశాను. నాన్నగారు కళ్ళద్దాలు పెట్టుకొని, జవాబు పత్రం దిద్దినట్టు, ఒక్కో గడీ చూసుకుంటూ పోయారు. తప్పులేమీ లేవని చెప్పలేదు. చాలాసేపటికి, "నీ శ్రీ కూడా కుడివైపుకే వాలుతోందే" అన్నారు.